వరుసలో నిలబడేవాళ్ళ హాలు

ఆ రోజుల్లో సింగపూర్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ఊరు పేరు తర్వాత అడిగేవారు, ముందు "ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తున్నారు?" అని అడిగేవారు. కంప్యూటర్లలో ఏ రకం పని అని దానర్థం. నేను "కాగితం మీద" అనేదాన్ని. అడిగినవాళ్ళకి నవ్వాలో జాలిపడాలో తెలియక పక్కనున్న మా ఆయన వైపు తిరిగేవారు. ఆయన ప్రోగ్రామర్ కాబట్టి అక్కడి నుంచి మాటలు హాయిగా సాగిపోయేవి. నాకు ముక్కు మీద కోపం. రైల్లో ఎలాగో ఆపుకొని, మా ఇంటి దగ్గరి యూ టీ స్టేషన్‌లో దిగగానే ఆయన మీద విరుచుకుపడేదాన్ని, ఆ అడిగినవాళ్ళని ఆయనే పంపించినట్టు.

నేను ఆర్కిటెక్ట్‌ని. హైదరాబాద్‌లో చదువుకున్నాను, అక్కడే కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ నేను గీసినవన్నీ అపార్ట్‌మెంట్లకి బాల్కనీలు. జనం అందులోకి దిగీ దిగగానే వాటికి గ్రిల్ పెట్టించి, గ్యాస్ సిలిండర్లు పెట్టుకునేవారు. పెళ్ళయ్యాక ఆయన వెంట సింగపూర్ వచ్చి, ఎదురు బ్లాకులో వెదురు గడల మీద ఆరేసిన బట్టలు చూస్తూ కొంతకాలం గడిపాను. చూసి చూసి విసుగెత్తి పేపర్లో ఒక ప్రకటనకి దరఖాస్తు పెట్టుకున్నాను. అలా దొరికింది ఒక అమెరికన్ ఆఫీసులో ఉద్యోగం.

అమెరికాలో చాలా పాత సంస్థ అది. బ్యాంకు భవనాలకి పేరు. పాత ఫొటోల్లో చూసే ఉంటారు: వెడల్పాటి మెట్లు, మెట్ల మీద రాతి స్తంభాలు, లోపల గుడి మండపం అంత ఎత్తున హాలు, పైన గాజు కప్పులోంచి దిగే వెలుగు. ఆ పద్ధతిని బోజార్ అంటారు. పారిస్‌లో ఒక పాత కళాశాలలో నేర్పిన విద్య. అక్కడ చదువుకుని అమెరికా తిరిగివెళ్ళినవాళ్ళు ఊరూరా డబ్బు దాచుకునే చోట్లకి దేవాలయాల వేషం వేశారని నేను వెటకారం చేసేదాన్ని. అలాంటివి కట్టించుకునేవాళ్ళు అక్కడ కరువయ్యాక, ఆసియాలో డబ్బు పొంగుతోందని విని సింగపూర్‌లో ఒక చిన్న ఆఫీసు తెరిచారు. కింద కొట్టు, పైన ఇల్లుగా కట్టిన పాత షాప్‌హౌస్ మేడ మీద గుప్పెడు మందిమి ఉండేవాళ్ళం. మా అందరికీ పైన ఒక అమెరికన్ పెద్దాయన. అంత ఉక్కలోనూ కోటు విప్పేవాడు కాదు. ఆయన పెన్సిల్ చెక్కుకోవడం చూస్తే చాలు, నా వెటకారం సగం దిగిపోయేది.

మేముండే బ్లాకులో, మా అంతస్తులోనే, హైదరాబాద్ టోలీచౌకీ నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆవిడ నాకంటే పెద్దది, ఏదో పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. నేను ఆపా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది. లిఫ్ట్ దగ్గర కనబడ్డప్పుడల్లా ఒకటే పాట.

"ఏం చెల్లె, గింకా గుమ్మటాలే గీస్తున్నవా? జావా నేర్సుకో అన్న కదా. గుమ్మటాలు మా చార్మినార్ కాడ మస్తున్నయ్, ఎవలు చూస్తున్నరు?"

"నేను చూసేదాన్ని ఆపా."

"నువ్వొక్కదానివే చూసినవ్!" అని నవ్వుతూ డబ్బాలో ఏదో ఒకటి చేతిలో పెట్టేది. ఆవిడ మీద మాత్రం నాకు కోపం వచ్చేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. పారిస్ నుంచి అమెరికాకి, అమెరికా నుంచి మా షాప్‌హౌస్ మేడ మీదికి చెక్కుచెదరకుండా వచ్చింది. కొత్త పని చేతికి రాగానే ఒక రోజంతా పెద్దాయన దగ్గర్నుంచి కొత్తగా చేరినవాళ్ళ దాకా ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చుని, పుస్తకం ముట్టకుండా, పక్కవాళ్ళతో మాట్లాడకుండా ఆ భవనానికి ఒక నమూనా గీయాలి. సాయంత్రం పేర్లు లేకుండా అన్నీ గోడకి తగిలిస్తారు. పెద్దాయన ఒకటి ఎంచుతాడు. దాన్ని తొలి గీత అని నేను మనసులో తెలుగు చేసుకున్నాను. తొలి గీత ఎవరిదైతే ఆ భవనం చివరిదాకా వాళ్ళది. తర్వాత ఎన్ని నెలలైనా దానికి నగిషీలు దిద్దుకోవచ్చు, కొలతలు సవరించుకోవచ్చు, దాని ఎముకల గూడు మాత్రం కదలకూడదు. కదిలితే ఆ గీత చచ్చిపోయినట్టే, అందరూ మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలి. ఆ పారిస్ కళాశాలలో తొలి గీత తప్పిన విద్యార్థిని పోటీలోంచే తీసేసేవారని పెద్దాయన చెప్పాడు.

ఒక స్థానిక బ్యాంకు తన కొత్త ప్రధాన శాఖ పని మాకిచ్చింది. ఆ తొలి గీత రోజుకి ముందు ఆదివారం మేము కూరగాయలకని లిటిల్ ఇండియా వెళ్ళాం. ఇంటికి డబ్బు పంపే కౌంటర్ల ముందు, ఎండలో, భవనాలు కట్టే కూలీల బారు వీధి మలుపు దాటి పోయింది. నెత్తిన న్యూస్‌పేపర్లు పెట్టుకున్నారు. అందులోంచి మన మాట వినిపించింది.

"ఇంకెంతసేపు బావా?"

"నిలబడరా. నిలబడ్డానికి కాకపోతే ఎందుకొచ్చాం ఇక్కడికి?"

శ్రీకాకుళం వైపు యాస. వాళ్ళు నవ్వుకున్నారు. నేను మాత్రం ఆ మాట వెంటేసుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు బల్ల దగ్గర కూర్చోగానే చెయ్యి దానంతటదే కదిలింది. బ్యాంకుకి వెళ్ళిన మనిషి అక్కడ ఎక్కువసేపు చేసే పని నిలబడటం. మరి అందమైన గది మేనేజరుకెందుకు? ఉన్న చోటంతా, ఉన్న ఎత్తంతా, గాజు కప్పు వెలుగంతా వరుసలో నిలబడేవాళ్ళకి ఇచ్చేశాను. మేనేజర్లనీ వాళ్ళ సోఫాలనీ అంచులకి నెట్టేశాను. నెట్టేటప్పుడు కొంచెం కసి కూడా తీర్చుకున్నాను.

సాయంత్రం పెద్దాయన గోడ వెంబడి నడుస్తూ నా కాగితం ముందు ఆగాడు.

"ఎవరిది?"

"నాది సార్."

"ఇంత చోటులో జనం ఏం చేస్తారు?"

"నిలబడతారు."

"ఇంకా?"

"పైకి చూస్తారు."

దాన్ని గోడ మీంచి దించి, తనే గాజు పలకలో పెట్టి, తన బల్ల వెనక మేకుకి తగిలించాడు. ఆ సాయంత్రం యూ టీ దాకా రైల్లో కూర్చోకుండా నిలబడే వచ్చాను, అంత సంతోషం. ఆ హాలు లేవాలి. నేను గీసిన ఒక్క గదిలోకైనా మనుషులు నడిచి రావాలి, ఎవరూ గ్రిల్ పెట్టి మూసెయ్యకూడదు. అప్పట్లో నాకింకో కోరిక లేదు.

తర్వాత నెలలన్నీ ఆ హాలులోనే బతికాను. బ్యాంకువాళ్ళకి చూపించడానికి పెద్ద రంగుల చిత్రం ఒకటి వేయాలి. పాత పద్ధతిలోనే, సిరాని నీళ్ళలో పలచగా కలిపి, ఒక పొర ఆరాక ఇంకో పొర. స్తంభాలు, కప్పు అయ్యాక మనుషుల్ని వేశాను. సంస్థ పాత చిత్రాల్లో టోపీలు పెట్టుకున్న దొరలుండేవారు. నేను ప్లాస్టిక్ సంచి పట్టుకున్నవాణ్ణి, భుజాన తువ్వాలు వేసుకున్నవాణ్ణి, ఆవలిస్తున్నవాణ్ణి, కాళ్ళు లాగి స్తంభం మొదట్లో చతికిలబడ్డవాణ్ణి వేశాను. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూశాడు.

"ఒక్కడికీ టోపీ లేదు," అన్నాడు.

"ఒకడికి న్యూస్‌పేపర్ ఉంది సార్," అన్నాను. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఇంట్లో ఇంకో సరదా ఉండేది. మా ఆయన్ని ఆయన కంపెనీ పంపించింది కూడా ఆ బ్యాంకుకే. ఆయన కంప్యూటర్ విభాగంలో, ఇంకో చోట, ఏదో కొత్త సిస్టమ్ రాస్తున్నాడు. భార్య గోడలు, భర్త తాళాలు అని మమ్మల్ని మేమే ఎగతాళి చేసుకునేవాళ్ళం. ఆయన ఆ సిస్టమ్ గురించి ఎంత చెప్పినా నేను సగమే వినేదాన్ని. నేను స్తంభాల గురించి చెబితే ఆయనా అంతే. కాపురాల్లో అది మామూలే.

ఒకరోజు బ్యాంకువాళ్ళతో సమావేశం. వాళ్ళ తరఫున నా ఈడు చైనీస్ అమ్మాయి వచ్చింది. మంచి మనిషి, నా చిత్రం ముందు నిజంగానే చాలాసేపు నిలబడింది.

"చాలా బ్యూటిఫుల్ లా," అంది, అక్కడివాళ్ళ ఊతపదం తగిలించి. "కానీ ఇంత హాలు ఎందుకు? వచ్చే ఏడాది నుంచి కస్టమర్లు రారు కదా."

"ఎక్కడికి పోతారు?" అన్నాను.

"ఎక్కడికీ పోరు. ఇంట్లో కూర్చునే అన్నీ చేసుకుంటారు. ఇంటర్నెట్‌లో."

ఆ కొత్త సిస్టమ్ పేరు చెప్పింది. ఆ పేరు రోజూ మా ఇంట్లో పప్పన్నంతో పాటు వడ్డించుకునేదే. ఆ అమ్మాయి మర్యాదగా చెప్పుకుపోతోంది. హాలులో సగం ఉంచుకుందాం, మిగతా సగంలో అంతస్తులు వేసి కంప్యూటర్ యంత్రాలు, వాటిని చల్లబరిచే ఏర్పాట్లు పెట్టుకుందాం, ఏమంటారు అని అడిగింది. పెద్దాయన ఆలోచించి చెబుతామన్నాడు.

ఆ సాయంత్రం అన్నం తింటుంటే అడిగాను.

"మీ సిస్టమ్ ఎప్పుడు మొదలు?"

"డిసెంబర్ లోపు. ఏం?"

"ఆలస్యం కాదా?"

"కాకూడదనేగా శనివారాలు కూడా పోతున్నాను. టైముకి అయితే పర్మనెంట్ చేస్తామన్నారు. చెప్పానుగా నీకు."

చెప్పాడేమో. నేను జరిగిందంతా చెప్పాను.

"నాకు తెలీదే," అన్నాడు.

"తెలిస్తే ఏం చేసేవారు?"

"ఏం చెయ్యను? నువ్వే చెప్పు. ప్రోగ్రాము తప్పులతో రాయమంటావా?"

ఒక్క క్షణం రాయండి అందామనుకున్నాను. అనలేదు. ఆయన నిజంగానే నన్నడుగుతున్నాడు, నేను ఏదైనా చెబితే చేద్దామన్నట్టు చూస్తున్నాడు. పొద్దస్తమానం కీబోర్డు కొట్టి ఆయన మణికట్టు వాచిపోతుండేది, దానికి రోజూ అమృతాంజనం రాసేది నేనే. ఆ రోజూ రాశాను. రాస్తూ ఏడుపొచ్చింది. ఆయన పని టైముకి పూర్తి కావాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఆలస్యం కావాలని కూడా ఆ దేవుడికే పెట్టుకున్నాను. ఏది వినాలో ఆ దేవుడికే వదిలేశాను.

మర్నాడు పెద్దాయన గదిలోకి వెళ్ళాను. మాట్లాడేది దారిపొడుగునా వల్లెవేసుకుని వెళ్ళినా తీరా నోరు తెరిస్తే ఒకటే మాట వచ్చింది.

"సగమైనా చాలు సార్. ఒప్పుకోండి."

ఆయన కుర్చీ చూపించాడు. తొలి గీతని గోడ మీంచి దించి మా మధ్య బల్ల మీద పెట్టాడు.

"నీ గీతలో గొప్పతనం ఎక్కడుందో నీకు తెలుసా? వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న పొత్తులో ఉంది. సగం కోస్తే ఇది హాలు కాదు, నడవా అవుతుంది. అందులో నిలబడితే ఎవరూ పైకి చూడరు."

"నిలబడటానికి నీడైనా ఉంటుంది కదా సార్."

"నీడ కావాలంటే రేకు వేసినా సరిపోతుంది. ఎముకలు కదిలితే తొలి గీత లేనట్టే. నా గీత అయినా ఇదే మాట చెప్పేవాణ్ణి."

అది నిజమని నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది కూడా అందుకే. ఆయన కసురుకున్నా, అబద్ధమాడినా ఎదురు తిరిగేదాన్ని. నా హాలు గురించి నాకంటే బాగా చెప్పి, ఎంతో గౌరవంగా దాన్ని చంపేస్తున్నాడు. ఆ ఆచారం నా హాలుకి కాపలా ఉంటుందని ఇన్నాళ్ళూ నమ్మాను. బ్యాంకు సగం ఇస్తానంది. ఆచారం ఆ సగం కూడా లేకుండా చేసింది. నేను లేచి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అరవడానికి మనిషి దొరక్కపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

కొత్త తొలి గీత రోజు వచ్చింది. మళ్ళీ ఎవరి బల్ల వాళ్ళది, మళ్ళీ అదే నిశ్శబ్దం. ఈసారి అంతస్తుల మీద అంతస్తులు, యంత్రాలకి గదులు, కింద ఇరుకు ప్రవేశం. నేనూ గీశాను. గీయకుండా లేచిపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఆ దేశంలో నా పనిచేసే హక్కూ పోతుంది. నా కాగితం మీద ఏముందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఇంకెవరిదో ఎంచారు. పెద్దాయన నా పాత గీతని గాజు పలకలోంచి తీసి, గుండ్రంగా చుట్టి, రెండు చేతులతో నాకిచ్చాడు.

"ఇంటికి తీసుకెళ్ళు," అన్నాడు.

నేను థాంక్యూ అన్నాను, ఎందుకన్నానో తెలియదు. ఆ తర్వాత చాలాకాలం అదే భవనానికి బాత్‌రూముల కొలతలు వేశాను. కోపంగా కూడా వేయలేకపోయాను, పలకల కొలత తప్పితే మేస్త్రీ ఇబ్బంది పడతాడు కదా.

పెద్దాయన ఆ గీత ఇచ్చిన సాయంత్రం, చేతిలో ఆ చుట్టతో మా బ్లాకు లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంటే ఆపా చూసింది. మొహం చూసి జావా ఊసెత్తలేదు. నేను ముక్కలు ముక్కలుగా చెప్పింది విని నిట్టూర్చింది.

"నీ మియా తప్పు లేదు, నీ తప్పు లేదు, ఆ ముసలాయన తప్పు లేదు. గిట్లాంటిదే మనిషిని తింటది చెల్లె. తప్పు చేసినోడుంటే తిట్టి పండుకుంటం."

ఆవిడ ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. తాగి, కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళ్ళాను.

మా ఆయన సిస్టమ్ మాత్రం చెప్పిన టైముకే తయారైంది. మొదలయ్యే ముందు ఒక శనివారం మధ్యాహ్నం ఆయన చిన్నపిల్లాడిలా గంతులేస్తూ ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా సరిగ్గా విప్పలేదు.

"ఇటు రా. కళ్ళు మూసుకో."

నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మోడెమ్ కలిపాడు. అది ఎప్పటిలా గీపెట్టి ఊరుకుంది. కళ్ళు తెరవమన్నాడు.

బ్యాంకు పేజీ మొదలైంది. పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా ఒక బొమ్మ దిగుతోంది. ముందు గాజు కప్పు. తర్వాత కప్పు కింది అంచు. స్తంభాల తలలు వచ్చాయి, నా చేత్తో పొర పొరగా వేసిన ఆ నీడలు వచ్చాయి. నా హాలు.

"బ్యాంకులా కనబడే బొమ్మ ఏదైనా కావాలన్నారు," అన్నాడు ఆయన. "జనానికి నమ్మకం కుదరాలంటగా. బ్యాంకులో బిల్డింగ్ పనులు చూసేవాళ్ళ దగ్గర నీ పెయింటింగ్ ఉందని నేనే చెప్పాను. అది తప్ప ఇంకోటి వద్దని పట్టుబట్టాను. స్కాన్ చేయించింది కూడా నేనే."

స్తంభాలు కిందికి దిగుతున్నాయి. ఇంకొంచెం దిగితే వాళ్ళు కనబడాలి, సంచి పట్టుకున్నవాడు, తువ్వాలు వేసుకున్నవాడు. స్తంభాలు నడుము దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. వాటి కింద నున్నటి తెల్లటి పట్టీ, అందులో పేరుకొక గడి, పాస్‌వర్డ్‌కొక గడి.

"మనుషులేరీ?" అన్నాను.

"కింది సగం కోసెయ్యాల్సి వచ్చింది. పేజీ బాగా బరువైపోయింది. మోడెమ్ మీద తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది, అంతసేపు ఎవరు చూస్తారు? గోడలూ కప్పూ తేలికే, ఒకే రంగు కదా. మనుషులే బరువు." అని, నా భుజం మీద చెయ్యి వేశాడు. "కానీ చూడు, నీ హాలు ఇప్పుడు ఇంటింటికీ వెళ్తుంది."

ఆయన మొహంలో వెలుగు చూశాను. నా కోసం పోట్లాడి, నా కోసం తెచ్చాడు. ఆ మొహాన్ని చూస్తూ ఏమంటాను? బాగుందండీ అన్నాను.

"అయితే ముందు నువ్వే వెళ్ళు లోపలికి," అని కీబోర్డు నా ముందుకి జరిపాడు.

వాళ్ళు నిలబడ్డ చోట ఉన్న గడిలో నా పేరు కొట్టాను. రెండో గడిలో ఆయన చెప్పిన అక్షరాలు కొట్టాను. బటన్ నొక్కానో లేదో పేజీ తెరుచుకుంది. ఒక్క క్షణం కూడా నిలబడాల్సిన పని లేకపోయింది.